తీర్పు తీర్చేవాళ్ల కీర్తన

బైబిలులోని 82వ కీర్తనలో ఉన్నవి ఎనిమిదే వచనాలు. దేవుడు లేచి నిలబడి న్యాయాధిపతులనే నిలదీస్తాడు: "ఎంతకాలము మీరు అన్యాయముగా తీర్పు తీర్చుదురు?" పేదలకు, దిక్కులేనివాళ్లకు న్యాయం చేయమంటాడు. మీరు దైవములు, సర్వోన్నతుని కుమారులు అని పిలిచి, ఆ వెంటనే అందరిలాగే మీరూ చనిపోతారని గుర్తుచేస్తాడు. ఈ 6, 7 వచనాలతోనే 'ఆఫ్ గాడ్స్ అండ్ మెన్' అనే ఫ్రెంచి సినిమా మొదలవుతుంది. 2010లో కేన్స్ చిత్రోత్సవంలో, వేర్వేరు క్రైస్తవ శాఖలు కలిసి నడిపే ఎక్యుమెనికల్ జ్యూరీ తన బహుమతిని దానికే ఇచ్చింది.

ఈ జ్యూరీ కేన్స్‌లో 1974 నుంచి ఉంది. కతోలికుల తరఫున సిగ్నిస్, ప్రొటెస్టెంట్ల తరఫున ఇంటర్‌ఫిల్మ్ అనే సంస్థలు కలిసి సభ్యులను పంపుతాయి. ఆరుగురు ఉంటారు, ఏటా మారతారు. పోటీలో ఉన్న సినిమాలన్నీ చూసి, కళగా నిలబడుతూ సువార్త విలువలు పలికే సినిమాను ఎంచుతారు. తెరమీద సిలువ కనిపించాలన్న షరతేమీ లేదు. మొదటి ఏడాది బహుమతి ఇచ్చింది, జర్మనీలో ఇళ్లూ ఆఫీసులూ శుభ్రంచేసే ఒక పెద్దావిడ, మొరాకో కూలీ పెళ్లాడితే లోకం ఎలా చూసిందో చెప్పిన జర్మన్ దర్శకుడు ఫాస్‌బిండర్ సినిమాకు. అలాంటి చూపుకు ఒక్కోసారి మూల్యం చెల్లించాలి. 1968లో వెనిస్ చిత్రోత్సవంలో కతోలిక జ్యూరీ ఇటలీ దర్శకుడు పసోలినీ తీసిన 'తియోరెమా'ను ఎంచినప్పుడు వాటికన్ నుంచే గట్టి అభ్యంతరం వచ్చింది. అయినా, ఎవరూ నొచ్చుకోని సినిమాలనే వెతుక్కునే జ్యూరీ కంటే ఇదే మేలు.

'ఆఫ్ గాడ్స్ అండ్ మెన్' జరిగిన కథ. అల్జీరియాలోని తిభిరిన్ మఠం నుంచి 1996 మార్చి 26 అర్ధరాత్రి దాటాక ట్రాపిస్టులనే కతోలిక సన్యాసి సంఘానికి చెందిన ఏడుగురు మఠవాసులను ఎత్తుకెళ్లారు, తర్వాత చంపేశారు. 2018 డిసెంబరు 8న అల్జీరియా నగరం ఓరాన్‌లో కతోలిక సంఘం వాళ్లను ధన్యులుగా, అంటే పునీతులకు ముందు మెట్టుగా, ప్రకటించింది. సినిమా మాత్రం చావు మీద కంటే బల్ల చుట్టూ జరిగిన సంభాషణ మీదే ఎక్కువసేపు నిలుస్తుంది. తీవ్రవాదుల భయం ఉన్నా సైన్యం కాపలా వద్దని మఠాధిపతి క్రిస్టియన్ ఒక్కడే తేల్చేస్తే, మమ్మల్ని అడగకుండా ఎలా చెప్తావని సోదరులు అడ్డుపడతారు. ఒక్కొక్కరినీ అడిగితే కొందరు మఠం వదిలి వెళ్దామంటారు, కొందరు ఇంకా తేల్చుకోలేదంటారు. ఆయన తొందరపెట్టడు. కొమ్మ మీది పిట్టల్లాంటివాళ్లం, ఎగిరిపోతామో లేదో తెలీదని ఒక మఠవాసి అంటే, ఊరి స్త్రీ సరిదిద్దుతుంది: పిట్టలం మేము, కొమ్మ మీరు. కీర్తన 3వ వచనం చెప్పిన దీనులు అక్కడ ముస్లిం పల్లెవాసులు. మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అందరూ ఉండిపోతామంటారు. భయం అప్పటికీ పోలేదు.

ఈస్టరుకు ముందు వచ్చే లెంటు (శ్రమకాలపు) రోజుల్లో సంఘంలో దీన్ని చూపించాలనుకుంటే, ముందు హక్కుదారుల అనుమతి తీసుకోండి. నిడివి రెండు గంటలు, మాటలు ఫ్రెంచి, అరబిక్. పరుగెత్తే సబ్‌టైటిళ్లు పెద్దవాళ్లు అందుకోలేరు కనుక మొదటి బల్ల దృశ్యం వరకు కథ ముందే తెలుగులో చెప్పండి, ముగింపు చెప్పకండి. ఆట మొదలయ్యేముందు కీర్తన మొత్తం ఒక్కరే నిదానంగా చదవాలి, వ్యాఖ్యానం వద్దు. చాలాచోట్ల దెబ్బతినేది ఇక్కడే: కాపరి పావుగంట ప్రసంగం చేస్తే చూసేవాళ్లు ఆ ప్రసంగానికి రుజువులు వెతుక్కుంటూ కూర్చుంటారు. చివరి భోజనం దగ్గర వైద్యుడైన లూక్ రెండు ద్రాక్షారసం సీసాలు తెచ్చి, చైకోవ్‌స్కీ 'స్వాన్ లేక్' క్యాసెట్ పెడతాడు. మాటలుండవు, ముఖాలే. నవ్వుతున్న కళ్లే తడవుతాయి. అక్కడ ఎవరూ వివరించకూడదు.

అయ్యాక ఐదు నిమిషాలు మౌనం. ఆ తర్వాత, మొదటి బల్ల దగ్గర మీరుంటే ఏమనేవారు అని మాత్రమే అడగండి. చేతులెత్తమనకండి. పక్కవాళ్లను చూసి అందరూ ఉండిపోతామనే అంటారు. చిన్న కాగితాలివ్వండి, పేరు రాయనక్కర్లేదు. వెళ్లిపోతాను అని రాసిన కాగితాన్నీ అంతే గౌరవంగా చదవండి.