పేరు మార్చుకోవాల్సి వచ్చింది

డీటీపీలో వాడే పాత ‘అను’ ఫాంట్లలో టైప్ చేసిన తెలుగును, ఏ ఫోనులోనైనా కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చడానికి ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాం రాశాను. పేరు కోసం పది నిమిషాలు కూడా ఆలోచించలేదు. పైథాన్ ప్రోగ్రాంలను అందరికీ పంచే ప్యాకేజీల జాబితాలో ఎవరూ వాడకుండా ఖాళీగా కనిపించిన మాటొకటి తగిలించేశాను. ఏడాది తిరిగాక ఒక కంపెనీ లాయరు నుంచి మెయిల్ వచ్చింది. ఆ పేరు తమదని, వెంటనే తీసేయమని. (ఇప్పటికీ వాళ్లదే కాబట్టి ఇక్కడ రాయను.)

ముందు ఒళ్లు మండింది. నేను ఒక్క రూపాయి తీసుకోవట్లేదు, కోడ్ అంతా అందరి ముందే ఉంది, నాతో వీళ్లకేం పని? రెండు రోజులు ఘాటుగా జవాబు రాయడం, చెరిపేయడం. కోపం తగ్గాక ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైటులో సాఫ్ట్‌వేర్ ఉండే 9వ తరగతిలో వెతికాను. నిజంగానే ఉంది. పైగా అక్కడ ఉచ్చారణను బట్టి కూడా వెతకొచ్చు. స్పెల్లింగులో ఒక హెచ్ ఇరికించి బయటపడదామన్న నా తెలివి అక్కడితో సరి.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పేరు మారిన సంగతి అప్పుడే చదివాను. మొదట ఫీనిక్స్, 2003లో ఫైర్‌బర్డ్, 2004లో ఫైర్‌ఫాక్స్. ఫైర్‌బర్డ్ పేరు మీద గొడవ చేసింది కంపెనీ కాదు, అదే పేరుతో, కోడ్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చే ఇంకో ఓపెన్ సోర్స్ డేటాబేస్ వాళ్లు. ఉచితంగా ఇస్తున్నాం కదా అనే నా వాదన ఇక ఎక్కడ నిలుస్తుంది? మారుస్తానని రాసి, మూడు వారాలు గడువు అడిగాను. ఇచ్చారు.

అసలు పోట్లాట ఆ తర్వాత, మా వాళ్లతోనే. నేను ‘తలకట్టు’ అన్నాను. పాత ఫాంట్ల నుంచి మార్చేటప్పుడు మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది అక్షరం నెత్తినుండే ఆ చిన్న గీతే. కోడ్ పంపే ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకోలేదు. బయటివాళ్లకు నోరు తిరగదు, ‘తెలుగు కన్వర్టర్’ అంటే సరిపోతుందన్నారు. తమిళ మిత్రుడికైతే ‘తలప్పాకట్టి’ అనే దిండిగల్ బిర్యానీ గుర్తొచ్చిందట. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టం పేరు ఆఫ్రికా మాట, అది పలకడానికి ఎవరైనా ఇబ్బంది పడ్డారా అని అడిగాను. పైగా ‘తెలుగు కన్వర్టర్’ అని గూగుల్‌లో కొడితే మనం ఏ పేజీలో తేలతాం? ఈ మాటకే కాస్త మెత్తబడ్డారు.

తర్వాత ఇంగ్లీషు స్పెల్లింగు. ‘త’కి టీ ఒక్కటా, టీహెచ్చా? దీనికే నాలుగు రోజులు పట్టింది. టీ ఒక్కటే ఖాయం చేసి, ఇంకోదాన్ని కూడా మా పేరు మీదే నమోదు చేశాం. పాత పేరుతో ఉన్న ప్యాకేజీలో ‘ఇక్కడికి మారాం’ అన్న ఒక్క వాక్యం పెట్టి, గడువు ముగిసేలోపు దాన్నీ తీసేశాం.

విజయవాడలో ఒక డీటీపీ ఆపరేటర్ దీన్ని రోజూ వాడతాడు. మొన్న ఫోన్ చేశాడు. ‘సార్, ఆ కన్వర్టర్‌లో వట్రసుడి రావట్లేదు.’