అప్‌లోడ్ ఎంత అని అడగలేదు

రాత్రి పదిన్నర దాటాక ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద బైక్ జారి పడ్డాడట. తలకీ మెడకీ సీటీ తీశాం. టెక్నీషియన్ పని పది నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత నలభై నిమిషాలు మేమంతా స్క్రీన్ మీద ఒక నీలం గీతని చూస్తూ కూర్చున్నాం. స్కాన్ చిత్రాలు తిరుపతిలో ఉండే మా రేడియాలజిస్టు గారికి వెళ్ళాలి. గీత కదలదు. 18 శాతం. చాలాసేపటికి 19. కుర్రాడి వాళ్ళమ్మ కౌంటర్ అంచు పట్టుకుని నిలబడి, "రిపోర్టు ఎప్పుడొస్తుందమ్మా?" అని మూడోసారి అడిగింది. "ఐదు నిమిషాలమ్మా" అన్నాను. అది నిజం కాదని నాకు తెలుసు.

అదృష్టం, లోపల రక్తస్రావం ఏమీ లేదు. పొద్దున్నే ఇంటికి వెళ్ళిపోయాడు. ఒకవేళ ఉండి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయింది. మారతహళ్ళి దగ్గర ఒక చిన్న స్కాన్ సెంటర్‌కి మేనేజర్ని. లెక్కలు, జీతాలు, జనరేటర్ డీజిల్, నెట్ బిల్లు అన్నీ నేనే చూసుకుంటాను. పగలు డాక్టర్ గారు సెంటర్లోనే ఒకరుంటారు. రాత్రి కేసులు మాత్రం ఆన్‌లైన్లో తిరుపతికి వెళ్తాయి. మర్నాడు ఆ డాక్టర్ గారికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఆయన కోప్పడలేదు. "నా దగ్గరికొస్తే రిపోర్టు పది నిమిషాల పని. రావాలి కదమ్మా" అన్నారు, అంతే.

ఆ రోజే రిపోర్టు ప్యాడ్ వెనక లెక్క వేశాను. సీటీలో ఒక్కో చిత్రం అడ్డంగా 512 చుక్కలు, నిలువుగా 512 చుక్కలు. కుదించకుండా పంపితే ఒక్కోటి అర ఎంబీ ఉంటుంది. ఆ కుర్రాడివి ఆరు వందల చిత్రాలు, అంటే 300 ఎంబీ. ఫైలు సైజులో ఎంబీ అంటే బైట్లు, నెట్ ప్లాన్‌లో ఎంబీపీఎస్ అంటే బిట్లు. బైటుకి ఎనిమిది బిట్లు. అలా చూస్తే పంపాల్సింది 2400 మెగాబిట్లు. మాది 100 ఎంబీపీఎస్ ప్లాన్, కాబట్టి 24 సెకన్లు పట్టాలి. నలభై నిమిషాలు పట్టింది.

కంప్లయింట్ నంబర్‌కి ఫోన్ చేస్తే, బిజినెస్ కనెక్షన్‌కి 100 సరిపోదు, 300 ప్లాన్ తీసుకోండన్నారు. సరేనని డబ్బు కట్టేశాను. ఇక్కడే నా పొరపాటు. అప్‌లోడ్, అంటే మేము పంపే వైపు వేగం, ఎంత అని అడగలేదు. అడగాలని కూడా తట్టలేదు. నెట్ స్పీడ్ అంటే ఒకటే అంకె అనుకునేదాన్ని. తర్వాత ప్లాన్ కాగితం చివరి పేజీ దాకా చదివితే తెలిసింది, మా పాత ప్లాన్ డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 20. కొత్తది డౌన్‌లోడ్ 300, అప్‌లోడ్ 30. మూడింతలు అనుకున్నది మాకు పనికొచ్చే వైపు సగం మాత్రమే పెరిగింది. రెండు అంకెల ముందూ 'వరకు' అన్న మాట ఉంది.

దీన్ని గురించి చదివే కొద్దీ నాకు బాధేసింది. మన దేశంలో 2023 నుంచి బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ ఉండాలి. ఆ నిర్వచనంలో అప్‌లోడ్‌కి కనీసం ఇంత అని లేదు. ఎక్కువ ఇళ్ళకీ చిన్న ఆఫీసులకీ వచ్చే, జీపాన్ అనే పద్ధతి ఫైబర్‌లో కూడా వచ్చే దారి దాదాపు 2.5 గిగాబిట్లు, పోయే దారి దాదాపు 1.25. దాన్ని స్ప్లిటర్ అనే, వెలుతురుని చీల్చే పరికరంతో ముప్ఫై రెండు, అరవై నాలుగు కనెక్షన్లకి పంచుతారు. సినిమా చూసే ఇంటికి ఇది చాలు. స్కాన్ సెంటర్, వీడియో ఎడిటింగ్ స్టూడియో, ఆర్కిటెక్ట్ ఆఫీసు లాంటి చోట్ల పనంతా పంపే వైపే ఉంటుంది. కాబట్టి వాళ్ళు మొదట అడగాల్సింది అప్‌లోడే. రెండు వైపులా సమానంగా, ఎవరితోనూ పంచుకోకుండా లీజ్డ్ లైన్ దొరుకుతుంది. దాని నెల అద్దె మా స్థాయికి అందేది కాదు.

ప్లాన్ మారాక స్పీడ్ టెస్ట్ చేశాను. 94. మళ్ళీ చేశాను. 94. పొద్దున, రాత్రి, ఏ పీసీలో చేసినా 93 నుంచి 94. మళ్ళీ కంప్లయింట్ పెడితే ఈసారి లైన్‌మన్‌ని పంపారు. ములబాగిలు అబ్బాయి, తెలుగే మాట్లాడతాడు. జేబులోంచి చిన్న పవర్ మీటర్ తీసి ఫైబర్ కొసకి పెట్టాడు. లోపల వచ్చే వెలుతురు బలం మైనస్ 21 అని చూపించింది. "మైనస్ 27 దాటితే కష్టమక్కా, ఇది బాగుంది" అన్నాడు. తన లాప్‌టాప్‌ని నేరుగా మోడెంకి తగిలించాడు. 291 వచ్చింది.

"లైన్ మంచిదే అక్కా. మీ రౌటర్‌దే ప్రాబ్లం."

రౌటర్ని తిరగేసి కింది లేబుల్ చూపించాడు. పెట్టె మీద పెద్దక్షరాలతో 1200 అని ఉన్న రౌటరే. ఆ 1200 అనేది రెండు వైఫైల వేగాలు కూడి, గుండ్రంగా పైకి పెంచిన అంకె, 2.4 గిగాహెర్ట్జ్‌ది 300, 5 గిగాహెర్ట్జ్‌ది 867. వైరు గుచ్చే పోర్టులు మాత్రం 10/100. అంటే ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా ఆ రంధ్రంలోంచి వంద దాటి పోదు. డేటాని చిన్న చిన్న ప్యాకెట్లుగా పంపేటప్పుడు వాటికి చుట్టే తొడుగుల ఖర్చు తీసేస్తే మిగిలేది ఆ 94. ఎవరికైనా స్పీడ్ టెస్ట్‌లో ఎప్పుడూ 94 దగ్గరే ఆగుతుంటే, కంపెనీకి ఫోన్ చేసే ముందు పోర్టులూ వైర్లూ చూసుకోండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ 94 వల్ల మాకు డబ్బు దండగైంది గానీ ఆ రాత్రి ఆలస్యం దీనివల్ల కాదు. అప్‌లోడ్ ఎలాగూ 30 కదా, అది 100 పోర్టులోంచి హాయిగా పోతుంది. అసలు కారణం ఇంకా దొరకలేదు. ఆ వారంలోనే మరో రాత్రి ఇంకో తల స్కాన్, అదే సైజు, ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. పగటిపూట రెండు నిమిషాల్లోపే పోతుంది.

రాత్రే ఎందుకు? ఒక రోజు పదింటికి ఉండిపోయి, ఒక్కో పీసీ దగ్గరికీ వెళ్ళి విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి నెట్‌వర్క్ పేజీ చూశాను. రిసెప్షన్ పీసీ ఖాళీ. అకౌంట్స్ పీసీ ఖాళీ. వెనక గదిలో పాత స్కాన్లు దాచే పీసీ తెరిచేసరికి ఒకే ప్రోగ్రాం పేరుతో వరసలే వరసలు. లెక్కపెట్టాను. ఇరవై. అది బ్యాకప్. ప్రతి రాత్రీ పదింటికి ఆ రోజు స్కాన్లన్నీ క్లౌడ్‌కి ఎక్కించమని రెండేళ్ళ కింద నేనే పెట్టించాను.

ఓపీ క్యూలో ఒకే ఇంటి వాళ్ళు ఇరవై మంది నిలబడి, వాళ్ళ వెనక అత్యవసరమైన మనిషి ఒక్కడు నిలబడితే ఏమవుతుంది? మనిషికో టోకెన్ లెక్కన ఇరవై వాళ్ళకే పోతాయి. మా నెట్‌లో జరిగింది అదే. బ్యాకప్ ఇరవై దారుల్లో పంపుతోంది, స్కాన్ ఒక దారిలో పోతోంది. 20 ఎంబీపీఎస్‌ని ఇరవై ఒక్క వాటాలు చేస్తే స్కాన్‌కి దక్కేది ఒకటి కంటే తక్కువ. 2400ని ఒకటితో భాగిస్తే నలభై నిమిషాలు. ప్లాన్ మారాక 30ని ఇరవై ఒక్క వాటాలు చేస్తే ఇరవై ఎనిమిది నిమిషాలు. లెక్క అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని వెనక గదిలో చాలాసేపు అలాగే నిలబడ్డాను. ఆ తల్లి కౌంటర్ దగ్గర నిలబడింది నేను పెట్టించిన పని వల్ల.

బ్యాకప్‌ని తెల్లవారుజాము మూడింటికి మార్చాను. కానీ ప్రమాదాలు మూడింటికి కూడా జరుగుతాయి. ఏ టైమ్‌లోనైనా స్కాన్‌కి దారి వదిలే రౌటర్ కావాలి.

మా చెల్లెలి మరిది నెట్‌వర్క్ ఉద్యోగంలో ఉన్నాడు. అతన్ని తీసుకుని ఎస్‌పీ రోడ్‌కి వెళ్ళాను. బెంగళూరులో కంప్యూటర్ సామాను కావాలంటే ఎవరైనా అక్కడికే పంపిస్తారు. మొదటి షాపులో "మూడు వేల స్పీడ్, ఆరు యాంటెన్నాలు మేడం" అంటూ ఒక పెట్టె ముందు పెట్టారు. నేను పెట్టె తిప్పి పోర్టుల దగ్గర ఏముందో చదివాను. 10/100/1000 ఉంది, అది సరే. "ఏ పీసీకి ముందు దారి ఇవ్వాలో ఇందులో చెప్పొచ్చా? రెండు నెట్ లైన్లు పడతాయా? వచ్చే మూడేళ్ళు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వస్తాయా?" అని అడిగాను. షాపతను మళ్ళీ యాంటెన్నాల గురించే చెప్పాడు.

చివరికి మైక్రోటిక్ వాళ్ళ హెక్స్ తీసుకున్నాం. లాట్వియా కంపెనీ. అరచేతికి కాస్త పెద్ద పెట్టె, ఐదు గిగాబిట్ పోర్టులు (అంటే 1000 దాకా పోయేవి), వైఫై లేదు. వైఫై లేకపోవడమే నాకు నచ్చింది. రౌటర్ పని రౌటర్ చేస్తుంది, వెయిటింగ్ హాల్లో వైఫైకి సీలింగ్ మీద వేరే యాక్సెస్ పాయింట్ పెట్టుకున్నాం. ఒకటి చెడితే రెండోది ఆగదు. సెటప్ మాత్రం మామూలు వాళ్ళ వల్ల కాదు. తెలిసిన మనిషి పక్కన లేకపోతే టీపీ-లింక్ ఈఆర్605 లాంటిది తీసుకోండి, రెండు లైన్లు అదీ తీసుకుంటుంది, సెటప్ పేజీ తేలిక.

మరిది రెండు సాయంత్రాలు కూర్చున్నాడు. మొత్తం అప్‌లోడ్‌ని 30కి బదులు 27 దగ్గర ఆపాడు. చేతికొచ్చే మూడు ఎంబీపీఎస్ ఎందుకు వదులుకోవాలని అడిగాను. "పూర్తిగా వదిలితే క్యూ కంపెనీ మోడెంలో కడుతుంది వదినా, అక్కడ మన మాట చెల్లదు. కొంచెం తగ్గిస్తే క్యూ మన పెట్టెలోనే కడుతుంది, ఎవరు ముందో మనం చెప్పొచ్చు" అన్నాడు. స్కాన్ పీసీకి మొదటి హక్కు, బ్యాకప్‌కి మిగిలింది.

అంతా అయ్యాక స్పీడ్ టెస్ట్ చేస్తే స్కాన్ పీసీలో మళ్ళీ 94! రౌటర్ కొత్తది, పోర్టు గిగాబిట్. మరిది వైరు కొస పట్టుకుని టార్చ్ లైటు వేశాడు. జాక్ లోపల ఎనిమిది తీగల్లో గోధుమ రంగుది కొస దాకా చేరలేదు. వంద వేగానికి నారింజ, ఆకుపచ్చ జతలు, నాలుగు తీగలు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింట్లో ఒకటి తెగినా లింకు సాధారణంగా నోరెత్తకుండా వందకి దిగిపోతుంది, ఎక్కడా ఎర్ర లైటు రాదు. పైగా ఆ తీగని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించింది, అల్యూమినియం మీద రాగి పూత. వైరంతా తీసేసి గిగాబిట్‌కి సరిపడే, అసలు రాగి క్యాట్ 6 రకం వైరు వేయించాను.

రెండో లైన్ సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇంకో కంపెనీ ఫైబర్ తీసుకుందామనుకున్నాం. బయటికెళ్ళి చూస్తే రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభం మీంచి వస్తున్నాయి. డ్రైనేజీ కోసం ఒక్కసారి తవ్వితే రెండూ పోతాయి. అందుకని 5జీతో వచ్చే వైర్‌లెస్ కనెక్షన్ తీసుకున్నాం. దానికి సాధారణంగా సొంత పబ్లిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో బయటివాళ్ళకి కనిపించే అడ్రస్, ఉండదు, బయటి నుంచి మా పీసీలోకి రావడం కుదరదు. మేమే పంపేలా పెట్టుకున్నాం కాబట్టి ఇబ్బంది లేదు. నెలలోపే రోడ్డు తవ్వారు, ఫైబర్ తెగింది, రౌటర్ మాత్రం రెండో లైన్‌కి మారలేదు. అది మోడెం బతికుందా అని మాత్రమే చూస్తోంది. మోడెం బతికే ఉంది, దాని అవతల ఫైబరే లేదు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్న ఒక అడ్రస్‌ని పింగ్ చేసి, అంటే ఉన్నావా అని పలకరించి, జవాబు రాకపోతేనే లైన్ మారుస్తుంది. రెండో లైన్ తీసుకున్నవాళ్ళు నెలకోసారి మెయిన్ లైన్ వైరు స్వయంగా పీకి చూడండి. నేను ప్రతి నెలా మొదటి ఆదివారం పీకుతాను.

పాత రౌటర్‌ని యూపీఎస్ మీద, చెక్క పెట్టెలో ఉంచేవాళ్ళం. వేసవి మధ్యాహ్నాలు ఊరికే హ్యాంగ్ అయ్యేది. కొత్తది గోడకి, గాలి తగిలే చోట బిగించాం. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు ఆగిపోకుండా మోడెంకీ రౌటర్‌కీ కలిపి చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టాం.

పోయిన గురువారం రాత్రి, బ్యాకప్ నడుస్తుండగానే ఒక పెద్దాయన తల స్కాన్ పంపాం. 340 ఎంబీ. రెండు నిమిషాల్లోపే వెళ్ళింది. పావుగంటకి డాక్టర్ గారు ఫోన్ చేసి, చిన్న క్లాట్ ఉంది, వెంటనే పెద్దాసుపత్రికి పంపమన్నారు. అంబులెన్స్ అప్పటికే గేటు దగ్గరుంది.

మర్నాడు రౌటర్ పక్కన గోడకి ఒక చీటీ అంటించాను. ఒకటి ఫైబర్, రెండు 5జీ, మూడు స్కాన్ పీసీ, ఈ వైరు ఎవరూ తీయొద్దు. దాని కిందే మా రిసెప్షనిస్టు అమ్మాయి అదే మాట కన్నడలో రాసింది.