తీగ మాయమైన రిపోర్టు

రెండో రిపోర్టు నిన్న సాయంత్రం ఓకే అయ్యింది. మొదటి రిపోర్టుతో నా పరువు ఎలా పోయిందో మర్చిపోకముందే రాసేస్తున్నాను.

పని చెప్పుకోవడానికి చిన్నదే. సైట్ మీదుగా ఒక కరెంటు లైను పోతుంది. దాని కింద నుంచి టిప్పర్లు తిరగాలి, పక్కన క్రేన్ నిలబడాలి. నేల నుంచి తీగ ఎంత ఎత్తులో ఉందో, దారిలో ఇంకేమైనా అడ్డం ఉందో కొలిచి ఇవ్వాలి. గడకర్ర పట్టుకుని తీగ దగ్గరకు వెళ్ళే రోజులు కావివి, వెళ్ళకూడదు కూడా. చేతిలో పట్టుకునే లేజర్ మీటరుతో ప్రయత్నించాను. ఎర్ర చుక్క తీగ మీద నిలవదు. చెయ్యి వెంట్రుకవాసి కదిలితే చాలు, ఆకాశంలోకి పోతుంది, తెర మీద ఎర్రర్ వస్తుంది. అందుకే లేజర్ స్కానర్ తెప్పించారు. ట్రైపాడ్ మీద పెడితే తిరిగే అద్దంతో చుట్టూ లేజర్ చిమ్మి, తగిలిన ప్రతి చోటునూ ఒక చుక్కగా కొలిచే మిషన్ అది.

స్కానింగ్ హాయిగా అయిపోయింది. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి ఐదు చోట్ల ట్రైపాడ్ పెట్టాను, స్కాన్లను ఒకదానికొకటి అతికించడానికి గుర్తులుగా తెల్ల గోళాలు పెట్టాను, తొమ్మిదికల్లా సర్దేశాను. ఐదు స్కాన్లనూ కలిపితే వచ్చిన తేడా 3 మిల్లీమీటర్లు. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, ఆ సైట్‌లో అంత శుభ్రంగా అతికించినవాళ్ళు అంతకుముందు లేరు.

ఆఫీసు వాళ్ళు సాయంత్రానికి రిపోర్టు కావాలన్నారు. సాఫ్ట్‌వేర్ నేర్పించడానికి వచ్చినాయన అంతకుముందే అభయమిచ్చి వెళ్ళాడు: "ఈ బటన్ నొక్కండి సార్, చెత్త చుక్కలన్నీ అదే తీసేస్తుంది." నొక్కాను. పాయింట్ క్లౌడ్, అంటే ఆ చుక్కలన్నీ కలిసిన బొమ్మ, కడిగిన అద్దంలా వచ్చింది. పైన అన్నిటికంటే తక్కువ ఎత్తులో ఉన్నది కన్వేయర్ వంతెన, 11.2 మీటర్లు. అదే రాసి పంపేశాను.

మర్నాడు మీటింగ్. పెద్ద తెర మీద క్లౌడ్‌ను గిరగిరా తిప్పి చూపిస్తున్నాను. స్తంభాలు, వాటి మీద అడ్డకమ్మీలు, పింగాణీ గిన్నెలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. వెనక వరసలోంచి క్రేన్ ఆపరేటర్ చెయ్యెత్తాడు.

"సార్, స్తంభాలు బాగున్నాయి. మరి తీగేది?"

తిప్పడం ఆపాను. దగ్గరకు జూమ్ చేశాను. రెండు స్తంభాల మధ్య ఏమీ లేదు, ఒట్టి నల్ల తెర. కిటికీలోంచి చూస్తే అసలు తీగలు ఎదురుగానే కనిపిస్తున్నాయి. ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఇంకా విడ్డూరం ఏమిటంటే, స్కాన్ జరుగుతున్నప్పుడు అటూ ఇటూ నడిచిన మా హెల్పర్ మాత్రం మూడు చోట్ల సగం సగం మనిషిగా దయ్యంలా నిలబడి ఉన్నాడు. నేను నొక్కిన ఆ బటన్, అదే ఫిల్టర్, అతన్ని చెత్త అనుకోలేదు, కరెంటు తీగను చెత్త అనుకుంది. "సార్ రిపోర్టు ప్రకారం తీగే లేదు, బూమ్ లేపొచ్చు" అన్నాడు ఆపరేటర్. బూమ్ అంటే క్రేన్ చెయ్యి. అది జోకు కాదు. నేనిచ్చిన కాగితం నమ్మితే అతను చేయగలిగింది అదే.

ఆ రాత్రి ఫిల్టర్ చేయని డేటా తెరిచి చూశాను. తీగ ఉంది, కానీ తెగిన పూసల దండలా ఉంది. నేను పెట్టిన సెట్టింగులో 10 మీటర్ల దూరంలో చుక్కకూ చుక్కకూ మధ్య 6 మిల్లీమీటర్లు. 30 మీటర్ల దూరానికి అది 18 అవుతుంది. తీగ మందమేమో 10 మిల్లీమీటర్లు. స్కానర్ అద్దం పైకీ కిందికీ గీసే ప్రతి వరసలో తీగ మీద ఒక చుక్క పడితే పడినట్టు, లేకపోతే లేదు. పడినా, దూరం వెళ్ళేకొద్దీ లేజర్ మచ్చ వెడల్పవుతుంది కాబట్టి సగం వెలుగు తీగకు తగిలి సగం దాటిపోతుంది. తిరిగొచ్చే సిగ్నల్ నీరసంగా ఉంటుంది. ఫిల్టర్‌కి తెలిసిందల్లా ఒక్కటే: చుట్టుపక్కల తోడు లేని చుక్కను తీసెయ్. గోడకు, నేలకు, చివరికి మా హెల్పర్‌కు కూడా తోడు చుక్కలున్నాయి. తీగకు లేవు.

కాబట్టి తీగలున్న చోట ఆ బటన్ జోలికి పోకండి. నేర్పించేవాళ్ళు ఎప్పుడూ గోడలు, పైపులే చూపిస్తారు, వాటితో ఏ మిషనైనా బాగానే ఉంటుంది. తీగ చుక్కలను చేత్తో ఏరుకుని, వాటి మీదుగా వేలాడే తీగ వంపును సాఫ్ట్‌వేర్‌తో గీయించండి. ఎత్తు కొలిచేది ఆ వంపు నుంచి సరిగ్గా దాని కిందున్న నేలకు, నిలువుగా. స్కానర్ నుంచి ఏటవాలుగా వచ్చే దూరం పనికిరాదు.

మళ్ళీ స్కాన్ చేయడానికి వెళ్ళాను. ఈసారి లైనుకు ఇరువైపులా, లైను వాళ్ళు చెప్పిన దూరం పాటిస్తూనే కాస్త దగ్గరగా ట్రైపాడ్ పెట్టి, చుక్కలు దట్టంగా పడేలా సెట్ చేశాను. మళ్ళీ పొద్దున్నే. లెక్క 6.62 మీటర్లు వచ్చింది. హమ్మయ్య అనుకుంటుండగా లైన్ చూడటానికి వచ్చిన పెద్దాయన నా ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూశాడు.

"ఎన్నింటికి తీశావు బాబూ?"

"ఏడింటికండీ."

"మధ్యాహ్నం రెండింటికి తియ్యి" అని వెళ్ళిపోయాడు.

వివరం చెప్పలేదు, నాకు ఒళ్ళు మండింది. అయినా తీశాను. అదే చోట 6.38. అంటే 24 సెంటీమీటర్లు కిందికి దిగింది! మిషన్ చెడిపోయిందనుకుని స్తంభాల మీది గుర్తులు సరిచూశాను, అవి మిల్లీమీటరు కదల్లేదు. అప్పుడు లెక్కేసుకున్నాను. ఆ స్తంభాల మధ్య దూరం 60 మీటర్లు. తీగ ఓ 20 డిగ్రీలు వేడెక్కితే పొడవు పెరిగేది రెండు సెంటీమీటర్ల చిల్లరే. కానీ బిగువుగా ఉన్న తీగలో ఆ రెండు సెంటీమీటర్లూ నడుం దగ్గర పావు మీటరుగా బయటపడతాయి. బట్టలారేసే దండెం ముడి కొంచెం జారితే మధ్యలో బట్టలు నేలకు రాసుకోవడం చూశాం కదా, అదే. పైగా వేడి ఎండది మాత్రమే కాదు, తీగలో పారే కరెంటుది కూడా. లోడు పెరిగితే ఇంకా దిగుతుంది. 3 మిల్లీమీటర్ల గొప్పలు చెప్పుకున్న నేను పావు మీటరు దగ్గర దొరికిపోయాను.

ఆ పెద్దాయనే ఇంకోటి కూడా అడిగాడు, ఈ నేల ఇలాగే ఉంటుందా అని. ఉండదు, దారి మీద 40 సెంటీమీటర్లు మట్టి పోస్తారు. ఆ 40 లెక్కలోంచి తీసేస్తే మిగిలింది 5.98 మీటర్లు. మా టిప్పర్ బాడీ పైకెత్తితే ఆరు మీటర్లు దాటుతుంది. తగలనక్కర్లేదు, బాగా దగ్గరికొస్తే చాలు, కరెంటు దూకుతుంది. ఎంత దూరం ఉండాలన్నది లైను వోల్టేజీని బట్టి లైను వాళ్ళే చెప్పాలి. స్కానర్ చెప్పదు, నేనూ చెప్పను.

ఇప్పుడు లైనుకు రెండు పక్కలా, దారికి అడ్డంగా గోల్‌పోస్టుల్లా చట్రాలు పాతారు. బాడీ దించితేనే బండి దూరుతుంది. లైను కింద మట్టి దింపడం బంద్.

రెండో రిపోర్టులో ప్రతి ఎత్తు పక్కనా తీసిన గంట, గాలి ఉష్ణోగ్రత రాశాను. ఆ వరస పేజీకి అందంగా లేదు, తీసేయమని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సరేనన్నాను. తీయలేదు.