మా ఇంటి గడియారం అమెరికా చేతిలో

సోమవారం, రాత్రి 9:40

నవంబర్ మొదటి ఆదివారం అమెరికా వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు. దాంతో వాళ్ల టైంకి ఇంట్లోంచే పనిచేసే మా ఆయన లాగిన్ సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నరకు జరిగింది. పడుకునేసరికి తెల్లవారుజాము నాలుగవుతుందని తన బాధ. నాకు మాత్రం పండగే. నేను ఏడుకి ఇల్లు చేరితే మార్చి దాకా రోజూ ఓ అరగంట మొహాలు చూసుకోవచ్చు. నిన్నటిదాకా నాకు కనపడేది మూసిన గది తలుపే.

ఆ మొదటి అరగంట ఇవాళ గొడవకే పోయేది. మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ మూత తీశానో లేదో, తెనాలి నుంచి అత్తయ్య ఫోన్. "పౌర్ణమికి ఇద్దరూ వస్తున్నారటగా అమ్మాయ్, నీకూ 365 వత్తులు కట్టి ఉంచాను" అన్నారు. నాకు ఆ సంగతే తెలీదు. నెల మొదట్లో అకౌంట్స్ క్లోజింగ్, సెలవు అడిగితే మేనేజర్ మొహం ఎలా ఉంటుందో మా ఆయనకి తెలీదా? వెంటనే మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. తిడితే పడొచ్చు గానీ ఈ ఉలుకూ పలుకూ లేకపోవడం ఉందే, ఒళ్లు మండిపోతుంది.

జాన్ గాట్‌మన్ అని, భార్యాభర్తల గొడవల మీద దశాబ్దాలు పరిశోధన చేసిన అమెరికన్ సైకాలజిస్టు ఉన్నాడు. కోపంలో గుండె నిమిషానికి వంద దాటి కొట్టుకుంటుంటే అవతలి మాట చెవికెక్కదనీ, కనీసం 20 నిమిషాలు ఆగి మాట్లాడుకోమనీ అంటాడు. అమీర్‌పేట నుంచి మియాపూర్‌కి మెట్రోలో అంతకంటే ఎక్కువే పడుతుంది. అయితే ఆ కాసేపూ మనసులో డైలాగులు నూరుకుంటూ కూర్చుంటే లాభం లేదట. అదే కష్టం! పాటలు పెట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి టీ పెడుతున్నాడు. "రాను అనట్లేదు, నాకు ముందు చెప్పు అంటున్నా" అన్నాను.

"ఎప్పుడు చెప్పను? నేను లేచేసరికి నువ్వుండవు" అన్నాడు. అదీ నిజమే. కానీ వాళ్లమ్మకి చెప్పడానికి టైం దొరికిందిగా!

టీ చల్లారింది గానీ గొంతులు లేవలేదు. పౌర్ణమికి తనొక్కడే వెళ్తాడు, వనభోజనాలకి ఇద్దరం వెళ్తాం. అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాల్సింది తనే. ఇది గట్టిగా అడిగి ఒప్పించాను, లేకపోతే రానన్న కోడలిని నేనే అవుతాను.

ఏడున్నరకి తలుపు మూసుకున్నాడు. ఫోన్ ఇంకా చెయ్యలేదు.