పూల్‌లో సగం నీళ్ళు తోడిన రోజు

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో మేం కొన్న ఇంటి పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉంది. 15,000 గ్యాలన్లు పడుతుంది, అంటే దాదాపు 57,000 లీటర్లు. హైదరాబాద్ లెక్కలో చెప్పాలంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పదకొండు దాటతాయి. రెండేళ్ళు క్లోరిన్ బిళ్ళలు వేయడం తప్ప నేనేమీ పట్టించుకోలేదు. మూడో ఏడు మే నెలలో నీళ్ళు పచ్చబడ్డాయి. ఎంత క్లోరిన్ వేసినా రంగు మారదు. సీసాలో నీళ్ళు పట్టుకుని పూల్ షాపుకి వెళ్తే, స్టెబిలైజర్ 140 పీపీఎం (పది లక్షల భాగాల్లో 140) ఉందన్నారు. ఉండాల్సింది 30 నుంచి 50.

ఆ స్టెబిలైజర్ అంటే సయనూరిక్ యాసిడ్. నేను వేసిన బిళ్ళల్లోనే ఉంది. ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా కాపాడేది అదే, మితిమీరితే క్లోరిన్‌ని పని చేయనివ్వనిదీ అదే. నీళ్ళు ఆవిరైనా అది పోదు. ఉన్న నీళ్ళు తీసి కొత్తవి పట్టాల్సిందే.

ఎలాగూ తోడుతున్నాం కదా, మొత్తం ఖాళీ చేసి శుభ్రంగా కడిగేద్దాం అనుకున్నాను. అప్పుడే ఒంగోలు నుంచి వచ్చిన మావయ్యగారు పెరట్లో మట్టి చేత్తో నలిపి చూసి, "ఇది మన నల్లరేగడే కదా బాబూ" అన్నారు. నిజమే, ఈ ప్రాంతమంతా నల్ల బంకమట్టి. వాన నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఒక పట్టాన వదలదు. "వారం నుంచి వానలు. ఇప్పుడు ఖాళీ చేస్తే తొట్టె పైకి లేస్తుంది. మా వీధిలో ఒకాయన వానాకాలంలో కట్టించిన సంపు ఇలాగే లేచింది" అన్నారు. నేను నవ్వి ఊరుకోబోయి, ఎందుకైనా మంచిదని వెతికి చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. లోపల నీటి బరువు లేకపోతే, భూమిలోని నీరు కింది నుంచి తోసి కాంక్రీట్ పూల్‌ని కూడా లేపేస్తుంది. దీనికోసమే చాలా పూల్స్‌కి అడుగున, కింది నీటిని లోపలికి వదిలి ఒత్తిడి తగ్గించే వాల్వ్ పెడతారు. మాదానికి ఉందో లేదో తెలియదు, ఉన్నా ఇన్నేళ్ళకి పని చేస్తుందన్న నమ్మకం లేదు.

వానలు ఆగాక పది రోజులు ఆగి, సగమే తోడాం. మా ఫిల్టర్ కార్ట్రిడ్జ్ రకం, నీళ్ళు బయటికి వదిలే వాల్వ్ దానికి లేదు. అందుకని సబ్‌మెర్సిబుల్ పంపు కొన్నాను. పైపు వీధి కాలవలో పెట్టబోయి ఆగాను. ఆ కాలవ శుద్ధి లేకుండా నేరుగా వాగులో కలుస్తుంది, క్లోరిన్ నీళ్ళు అందులో వదలకూడదు. ఇంటి ముందు గడ్డిలో తెల్ల మూత ఉన్న మురుగు పైపులోకి వదిలాం. నీళ్ళు వెనక్కి తన్ని బాత్రూంలోకి వస్తాయేమోనని మొదటి గంటంతా టెన్షనే. అయిదు గంటల్లో 27 అంగుళాలు దిగాయి. తోట పైపుతో తిరిగి నింపడానికి పద్నాలుగు గంటలు పట్టింది. రాత్రి అలారం పెట్టుకుని మరీ రెండుసార్లు లేచాను.

స్టెబిలైజర్ 70కి దిగింది. ఇంకా ఎక్కువే, కానీ బిళ్ళలు మానేసి ద్రవ క్లోరిన్‌కి మారాక నీళ్ళు తేటపడ్డాయి.

ఇక మట్టం సంగతి. పూల్ గోడలో ఉండి పైన తేలే ఆకుల్ని లాగే స్కిమ్మర్ నోటికి దాదాపు సగం దాకా నీళ్ళుండాలి. తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, పెరిగితే ఆకులు లోపలికి లాగబడవు. పెద్ద వాన పడితే ఆ సబ్‌మెర్సిబుల్ పంపే వేసి దించుతాను. వేసవిలో మాత్రం ఎదురు సమస్య. జులైలో వారానికి రెండంగుళాలు తగ్గాయి, మా పూల్ లెక్కన 560 గ్యాలన్లు. లీకేమోనని గుండె జారింది. బకెట్‌లో పూల్ నీళ్ళే పోసి పూల్ లోపలి మెట్టు మీద పెట్టాను. బకెట్ లోపలి మట్టం, బయట పూల్ మట్టం రెండూ దాని మీదే మార్కర్‌తో గీసి, 24 గంటలు పైపు తిప్పకుండా వదిలేశాను. మర్నాడు చూస్తే రెండూ ఒకేలా పావు అంగుళం దిగాయి. లీకు లేదు, ఎండే తాగేసింది. మావయ్యగారికి ఫోన్లో చెబితే, "మరి బకెట్ లీకు లేదని చూశావా?" అన్నారు.