పాత కార్బ్యురేటర్ ఇంజన్ స్టార్ట్ కావట్లేదు: ఇప్పటిదాకా తేలినవి

బండి: నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, పాయింట్ల ఇగ్నిషన్ (తెరుచుకుని మూసుకునే కాంటాక్టులతో స్పార్క్ పుట్టించేది), 12 వోల్టులు. చాలాకాలంగా కదలకుండా ఉంది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు.

కరెంటు. సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర 10.6 వోల్టులు. 9.6 కంటే పైనే కాబట్టి బ్యాటరీని అనుమానించక్కర్లేదు. మీటరు ఒక ప్రోబు మైనస్ టెర్మినల్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొడితే 0.9 చూపించింది. 0.3 దాటకూడదు, అంటే ఎర్త్ దారిలో వోల్టేజీ వృథా అవుతోంది. ఎర్త్ పట్టీ (మైనస్ టెర్మినల్‌ని బ్లాక్‌కి కలిపేది) విప్పి, కింది తుప్పూ పెయింటూ గీకి బిగిస్తే 0.15కి దిగింది, సెల్ఫ్ చురుగ్గా తిరిగింది. ఇప్పుడు బ్యాటరీ దగ్గర రీడింగ్ ఇంకాస్త తగ్గుతుంది. కరెంటు ఎక్కువ పారుతోంది గనక అది మంచి సూచనే.

స్పార్క్. కాయిల్ (వోల్టేజీ పెంచేది) నుంచి వచ్చే పెద్ద వైరు డిస్ట్రిబ్యూటర్ క్యాప్ (స్పార్క్‌ని సిలిండర్లకు పంచేది) వైపు ఊడదీసి, ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో బ్లాక్‌కి 6 మి.మీ. దూరంలో పట్టుకుంటే పసుపు రంగులో సన్నటి స్పార్క్. నీలంగా, టప్‌మని కొట్టాలి. (దగ్గర్లో పెట్రోల్ వాసన ఉంటే ఈ పని అసలు వద్దు.) పాయింట్లు మూసి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేసి వాటి మధ్య కొలిస్తే 1.8 వోల్టులు, 0.2 లోపు ఉండాలి. వాడకుండా ఉంచితే కాంటాక్టుల మీద పొర కడుతుంది. సాండ్‌పేపర్ రేణువులు అక్కడే ఇరుక్కుంటాయి, అందుకే పాయింట్ల ఆకురాయే వాడాలి. తర్వాత పాయింట్ల కాలు, వాటిని తెరిచే క్యామ్ శిఖరం (ఎత్తైన చోటు) మీదుండగా గ్యాప్ 0.4 మి.మీ.; బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. గ్యాప్ పెరిగితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముందుకు జరుగుతుంది, కాబట్టి టైమింగ్ ఎప్పుడూ గ్యాప్ తర్వాతే. పాయింట్ల మధ్య మెరుపులు పెద్దగా కనిపించాయి గనక కండెన్సర్ (ఆ మెరుపుల్ని అణిచేది) కూడా మార్చాను. స్పార్క్ నీలంగా మారింది.

పెట్రోల్. అయినా అందుకోలేదు. ప్లగ్‌లు విప్పితే పొడిగా ఉన్నాయి. కార్బ్యురేటర్ గొంతులో ఒక చెంచా పెట్రోల్ పోసి, మీద నుంచి మొహం పక్కకు తీసి సెల్ఫ్ కొడితే రెండు క్షణాలు నడిచి ఆగింది. అంటే స్పార్క్, టైమింగ్ సుమారుగా సరే, పెట్రోలే రావట్లేదు. పంపు అవుట్‌లెట్ గొట్టం సీసాలో పెట్టి చూస్తే చుక్క లేదు. పంపు పాడైందని తీర్మానించేముందు ట్యాంకు వైపు రబ్బరు గొట్టం వంచి చూడాలి. పగుళ్లున్నాయి. పీల్చే వైపు కాబట్టి బయటికి కారదు, గాలి లోపలికి లాగుతుంది. అందుకే నేల మీద మరక ఉండదు. కొత్త గొట్టం వేశాక పంపు దఫదఫాలుగా కొట్టింది. డిప్‌స్టిక్‌కి (ఇంజన్ ఆయిల్ చూసే కడ్డీకి) పెట్రోల్ వాసన లేదు, అంటే పంపులోని డయాఫ్రమ్ (చిరిగితే పెట్రోల్‌ని ఆయిల్‌లోకి వదిలే పొర) బాగానే ఉన్నట్టు. వాసన ఉంటే మాత్రం పంపు సరిచేసి ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేయొద్దు.

ఇప్పుడు చోక్ (గాలి తగ్గించే మూత) లాగితే స్టార్ట్ అవుతోంది, చోక్ వదిలితే ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా నడక) నిలవట్లేదు. ఐడిల్ జెట్‌లో (ఆ నడకకు పెట్రోల్ ఇచ్చే సన్న రంధ్రంలో) పాత పెట్రోల్ జిగురు మిగిలినట్టుంది. క్లీనర్, గాలితోనే ఊదాలి. తీగ గుచ్చితే రంధ్రం పెద్దదవుతుంది. అది కుదిరాక స్ట్రోబ్ లైటుతో (స్పార్క్‌తో పాటే మెరిసే లైటు) టైమింగ్ చూడాలి.