తెగిపడ్డ తీగ, మీటరుకి ఎన్ని వోల్టులు

మొన్న గాలివానకి మా చెరువు గట్టు దగ్గర 11 కేవీ తీగ తెగి నేల మీద పడింది, లైన్‌మ్యాన్ అన్న దూరం నుంచే "పెద్ద అంగలు వెయ్యకండి, రెండు పాదాలూ ఆనించి మెల్లగా జరుపుకుంటూ వెనక్కి రండి" అని అరిచాడు. ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో చదివిన ఫార్ములా మొత్తం ఆ మాటలోనే ఉంది కదా అనిపించింది.

తీగ తగిలిన చోట నేలకి వోల్టేజీ బాగా ఎక్కువ, దూరం పోయేకొద్దీ తగ్గిపోతుంది, అది మీటరుకి ఎన్ని వోల్టులు తగ్గుతోందో అదే ఎలక్ట్రిక్ ఫీల్డ్. మీటరుకి 500 వోల్టులు అనుకోండి, 80 సెంటీమీటర్ల అంగ వేస్తే రెండు పాదాల మధ్య 400 వోల్టులు, 10 సెంటీమీటర్లే జరిగితే 50. పాపం గేదెలు అందుకే త్వరగా పోతాయి, ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ అంత దూరం, పైగా కరెంటు పోయే దారిలోనే గుండె. అలాంటి తీగ మీదే పిట్ట హాయిగా కూర్చుంటుంది, దాని రెండు కాళ్ల మధ్య తేడా దాదాపు సున్నా.

ఈ వానల్లో ఎక్కడైనా తీగ పడి కనిపిస్తే దయచేసి పశువుల్ని విప్పడానికి పరిగెత్తకండి, దూరంగా ఉండి ముందు 1912కి ఫోన్ చెయ్యండి.